నోల్ఫా మొక్కిన మొక్కు

మోకాళ్ళ మీదకి దిగే ముందు దోన్ ఎలియోదోరో అటూ ఇటూ చూసుకున్నాడు, తెలిసిన మొహం ఏదైనా ఉందేమోనని. వెడల్పాటి టోపీ, నల్ల కళ్ళద్దాలు, ఇక్కడ నడివేసవి అయిన డిసెంబరు ఎండలో బుద్ధున్నవాడెవడూ వేసుకోని నీలం కోటు. ఎవరూ గుర్తుపట్టకూడదని తీసుకున్న ఈ జాగ్రత్తలన్నీ కలిసి అందకోయో చర్చి మైదానంలో అందరికంటే ముందు ఆయన్నే కనిపించేలా చేశాయి. ప్యాంటు తనే ఇస్త్రీ చేసుకున్నాడు. ఒక్కో కాలికి రెండేసి గీతలొచ్చాయి. ఆగస్టు నుంచీ ఇంతే, ఇంట్లో ఏం చేసినా ఒకటి ఎక్కువవుతోంది, గీత, ఉప్పు, టీ కప్పు. సరే, దిగాడు. కుడి మోకాలు ఆనింది, ఎడమది ఆనింది, రాయి పెనంలా చుర్రుమంది. "ఆగండన్నయ్యా, దుప్పటి పరవనివ్వండి, మీరేమన్నా బస్సందుకోవాలా" అని కసిరింది ఒటీలియా. నోల్ఫాకి చిన్ననాటి స్నేహితురాలు ఈ ఒటీలియా, ఆయన్ని పెళ్ళినాటి నుంచీ కసురుతూనే ఉంది, ఆ హక్కు ఆమెకి ఎవరిచ్చారో ఇప్పటిదాకా తెలీదు. ఇక్కడి పద్ధతేమిటంటే, మొక్కు తీర్చేవాడు మోకాళ్ళ మీద పాకుతుంటే వాడి తాలూకు మనిషి ముందు గుడ్డ పరుస్తూ పోవాలి, వాడు దాటాక వెనక నుంచి లాగి మళ్ళీ ముందు పరవాలి. మనిషి లేనివాడు రాతి మీదే పాకుతాడు.

మొక్కు ఆయనది కాదు. ఆయనకి మొక్కులు లేవు, ఆయన ఫిజిక్స్ మాస్టారు. లా సెరెనాలో ఒక హైస్కూల్లో జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరి తెల్లబడ్డాక బయటికొచ్చాడు, మధ్యలో ఊరు ఊరందరికీ ఒకే ఒక్క సంగతి నేర్పాడు, మనం ఎంత చిన్నవాళ్ళమో. సూర్యుడు గుమ్మడికాయంత అనుకుంటే భూమి మిరియపు గింజ, మరి మనమెక్కడ? ఎక్కడా లేము. పెళ్ళిళ్ళలో చెప్పేవాడు, చావుల్లో చెప్పేవాడు, పక్కింటి పిల్లకి పుట్టినరోజు కేకు కోస్తుంటే చెప్పేవాడు. చెప్పాక ఒక నిమిషం గర్వంగా తల వంచుకునేవాడు. "మనం శూన్యం నోల్ఫా, ఉత్త శూన్యం" అంటే, "సరే, ఆ శూన్యం కాస్త బూట్లు గుమ్మం బయట విప్పి వస్తే టీ పోస్తాను, ఇప్పుడే తుడిచాను" అనేది ఆవిడ. మిరియపు గింజ మీద ఆవిడ తుడిచే గచ్చు ఎంతుంటుందో ఆయన లెక్క కట్టలేదు. పెరట్లో టెలిస్కోప్ పెట్టాలంటే బట్టల తీగ జరపాలన్నాడు, జరిపింది. మళ్ళీ జరపాలన్నాడు, శని గ్రహం నిమ్మచెట్టు వెనక్కి పోయిందని, మళ్ళీ జరిపింది. ఎదురింటి సెన్యోరా మిరెయాని పిలిచి శని వలయాలు చూపిస్తే, "బావుంది మాస్టారూ, కాస్త వంకరగా ఉన్నట్టుంది, మీ వాళ్ళకి చెప్పి సరిచేయించరాదూ" అంది. వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదాయన. గెలాక్సీ ముందు చిన్నవాడైపోవడానికి ఏం కష్టం, గెలాక్సీ నీ వంక చూడదు. సెన్యోరా మిరెయా చూస్తుంది. కిటికీ తెర పక్కకి జరిపి మరీ చూస్తుంది.

పిల్లనగ్రోవులు మొదలయ్యాయి. ఈ ఊళ్ళో మరియ తల్లికి సేవ చేసే నాట్యగాళ్ళు తరాల నుంచీ ఆ రెండే స్వరాలు ఊదుతున్నారు, ఒక బాతు అడిగినట్టు, ఇంకో బాతు కాదన్నట్టు, డప్పు మీద ఎగురుతూ, కూర్చుంటూ, మళ్ళీ ఎగురుతూ. గనిలో బండి తోలేవాళ్ళు, కూరగాయలమ్మేవాళ్ళు, ఏడాదంతా ఎవరో ఒకరు వాళ్ళని ఒరేయ్ అనేవాళ్ళే. ఇవాళ మాత్రం బిషప్పు కూడా వాళ్ళకి దారిస్తాడు. మరియ తల్లిని కూడా వాళ్ళు మహారాణీ అని పిలవరు, చినీతా అంటారు, పెద్దింట్లో పనిపిల్లని కేకేసినట్టు. చినీతా ఇటు రా, చినీతా మా పిల్లాడికి జ్వరం, చినీతా మా మేక ఈనడం లేదు. ఆకాశానికి రాణి అన్నవాళ్ళే ఆ నోటితో పనిపిల్లా అంటారేమిటని ఆయన యవ్వనంలో నోల్ఫాని నిలదీశాడు, తర్కం ఉండొద్దా అని. ఆవిడ, "రాణినైతే పిలిస్తే వస్తుందా?" అంది. అప్పుడు నవ్వాడు. స్కూల్లో అందరికీ చెప్పి నవ్వించాడు కూడా.

మోకాలి చిప్ప కింద చిన్న రాయి నొక్కుకుంది. ఆగి తీసుకోవచ్చు, కానీ వంగితే టోపీ పడుతుంది, టోపీ పడితే బట్టతల బయటపడుతుంది, ఆ బట్టతల కింద చదువుకున్నవాళ్ళు ఈ మైదానంలో ఎంతమంది ఉన్నారో. రాయితోనే కదిలాడు. నోల్ఫా పోయిన నెలకి చర్చిలో చేయించిన పూజయ్యాక ఒటీలియా ఇంటికొచ్చి, సాయంత్రం టీలో రొట్టె ముంచుకుంటూ, రేపు వర్షం పడేలా ఉందన్నట్టు చెప్పింది ఆ సంగతి. మూడేళ్ళ కింద ఆయన గుండెకి స్టెంటు వేస్తున్నప్పుడు ఆస్పత్రి వరండాలో నోల్ఫా మొక్కుకుందట. "నా చెయ్యి ఎర్రగా కమిలేలా పట్టుకుందన్నయ్యా. చినీతా, ఈ ముసలాయన్ని నాకంటే ముందు తీసుకుపోకు, నన్నే ముందు తీసుకో, ఆ మాట నిలబెట్టావంటే మైదానం నుంచి నీ పాదాల దాకా మోకాళ్ళ మీద వచ్చి దండం పెడతా అంది. నేనన్నాను, ఓసి పిచ్చిదానా, నువ్వే ముందు పోతే మోకాళ్ళ మీద వచ్చేదెవరే అని. నోరు తెరిచింది. అయ్యో, అది తట్టనేలేదే ఒటీ అంది. ఇద్దరం నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వాం. నర్సు వచ్చి తిట్టింది కూడా." లోకంలో ఇలాంటి మొక్కు ఇంకెవరైనా మొక్కుతారా. కోరిక తీరిందంటే తీర్చుకునే మనిషి ఉండదు. తీర్చుకునే మనిషి ఉందంటే కోరిక తీరనట్టు. పదో తరగతి కుర్రాడు పరీక్షలో ఈ జవాబు రాస్తే సున్నా వేసేవాడాయన. కానీ చనిపోయినవాళ్ళ మొక్కు ఇంటివాళ్ళ మీద పడుతుంది, అదిక్కడి ధర్మం. అది తీరేదాకా పోయిన మనిషి స్వర్గం లోపలికి వెళ్ళకుండా గుమ్మం దగ్గరే నిలబడి ఉంటుందట, చేతులు కట్టుకుని, బూట్లు విప్పుకుని. ఆయన నమ్మడు. నమ్మకపోయినా, నోల్ఫా గుమ్మంలో నిలబడి ఉందంటే ఆయనకి కూర్చోబుద్ధి కావడం లేదు.

పాకడం ఒక్కటే అయితే పాకేసేవాడు. చిక్కు అక్కడ లేదు. పాదాల దగ్గరికి చేరాక నోరు తెరిచి, పక్కవాళ్ళకి వినబడేలా, కోరిక తీర్చినందుకు దండాలు తల్లీ అనాలి. అనకపోతే పాకిందంతా దండగే, మొక్కు తీరనట్టే. దేనికి దండాలు? నోల్ఫాని ముందు తీసుకుపోయినందుకు. నా భార్యని చంపినందుకు చాలా సంతోషం తల్లీ, మీ మేలు మర్చిపోలేను. ఆ మాట ఆయన నోట్లోంచి రావాలి. బస్సులో వస్తూ మనసులో అని చూసుకున్నాడు, మనసులోనే రాలేదు.

"మాస్టారూ! మీరా?"

ఆయన తలెత్తలేదు. తలెత్తకపోతే ఎదుటివాళ్ళు వెళ్ళిపోతారని ఒక నమ్మకం, అది మాత్రం సైన్సు కాదు. చేతిలో పీచ్ పళ్ళ శరబత్తు గ్లాసుతో ఒకామె వంగి టోపీ కిందకి చూస్తోంది. జాస్నా. పదో తరగతిలో ముందు బెంచీ. మిరియపు గింజ పాఠం రోజు, "అయితే సార్, అంత చిన్నవాళ్ళమైతే హోంవర్కు చెయ్యకపోయినా ఏం కాదు కదా" అని అడిగిన పిల్ల, ఇప్పుడు నలభై దాటినట్టుంది. "కళ్ళజోడు పడిపోయిందమ్మా, వెతుకుతున్నాను" అన్నాడు ఆయన, కళ్ళజోడు పెట్టుకుని. జాస్నా ఆయన్ని చూసింది, ఒటీలియాని చూసింది, దుప్పటిని చూసింది. "అలాగా, ఒక్కరే ఎంతని వెతుకుతారు, నేనూ వెతుకుతా పదండి" అని శరబత్తు గ్లాసు ఎవరి చేతిలోనో పెట్టేసి, భుజం మీది శాలువా తీసి దుప్పటి ముందు పరిచింది. ఇక అక్కణ్ణుంచి దుప్పటి తర్వాత శాలువా, శాలువా తర్వాత దుప్పటి. వద్దమ్మా, మంచి శాలువా, పాడైపోతుంది, అందామనుకునేలోపే మోకాలు దాని మీదకి వెళ్ళిపోయింది. చచ్చేంత సిగ్గేసింది. గొప్పలు చెప్పుకుని పట్టుబడ్డప్పుడు కూడా ఇంత సిగ్గెయ్యలేదు. తన కింద ఒకరు గుడ్డ పరుస్తుంటే దాని మీద నుంచి వెళ్ళడం ఇంత కష్టమా. ఇన్నేళ్ళూ నోల్ఫా పరుస్తూనే ఉండి ఉండాలి. ఆయన చూడలేదంతే, పైకి చూస్తూ నడిచాడు కదా.

గుమ్మం దాటగానే చల్లదనం. పలకరాయి నున్నగా ఉంది, మోకాళ్ళకి అదో రకం నొప్పి. కొవ్వొత్తుల వాసన, చెమట వాసన, ఎవరిదో పసిబిడ్డ పాలు కక్కిన వాసన. చుట్టూ గొణుగుడు, ఎవరి గోడు వాళ్ళది. మా అల్లుడు తాగుడు మానాలి, మా అమ్మాయికి నర్సు ఉద్యోగం రావాలి, చినీతా నా నడుము, చినీతా మా కుక్క కనబడటం లేదు. పార్టీల్లో ఆయన వేసే జోకు ఒకటుంది ఈ చర్చి మీద. ఇది కట్టినప్పటి నుంచీ ఇక్కడి ప్రార్థనలన్నీ వెలుగు వేగంతో పోతున్నాయనుకుందాం, అయినా ఇంకా మన గెలాక్సీ వీధి చివరికి కూడా చేరి ఉండవు, దేవుడికి అందేలోపు మీ మేక మనవళ్ళకి మనవళ్ళు పోతారు, అనేవాడు. జనం నవ్వేవాళ్ళు. నోల్ఫా కూడా నవ్వేది, ప్లేట్లు తీస్తూ. అప్పటికే ఎన్ని అడిగి ఉంటుందో ఇక్కడ, ఆయన దగ్గు గురించి, ఆయన ప్రమోషన్ గురించి, ఆయన కడుపుబ్బరం గురించి. ఇంత విశ్వంలో, చుక్కలు పుట్టి చచ్చి బూడిదై మళ్ళీ చుక్కలవుతున్న ఈ అంతులేని చీకట్లో, లా సెరెనాలో ఒక ఫిజిక్స్ మాస్టారి కడుపుబ్బరం గురించి ఒకరు పనిగట్టుకుని బస్సెక్కి వచ్చి చెప్పడం. వినడానికి ఒకరుంటారనుకోవడం. దూరాన కూర్చున్న దేవుడైతే నిజమే, వెలుగు వేగం చాలదు. కానీ వీళ్ళెవరూ అరవడం లేదే, గొణుగుతున్నారు. పక్కనే చీపురు పట్టుకుని నిలబడ్డ పనిపిల్లకి చెప్పినట్టు చెబుతున్నారు. ఆయన దూరాలన్నీ సరిగ్గానే కొలిచాడు. దగ్గరితనం కొలవడానికి ఆయన దగ్గర ఏదీ లేదు, ఉందని కూడా తెలీదు.

ఆగస్టులో ఆ ఉదయం ఎండ కాస్తే బట్టలారేస్తానంది. ఆయన వంటింటి బల్ల దగ్గర కూర్చుని పేపర్లో ఎక్కడో కొత్తగా కనిపెట్టిన గ్రహం గురించి గట్టిగా చదివి వినిపిస్తున్నాడు. అక్కడ వజ్రాల వాన పడొచ్చట నోల్ఫా. "ఆ వాన పడనీ గానీ, చిక్కుళ్ళు చూడు, అడుగంటుతాయి" అని తడిబట్టల బుట్ట ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళింది. ఇంకో పేరా చదివాడు. బుట్ట పడ్డ చప్పుడు. బయటికి పరిగెత్తేసరికి తీగ మీద ఆయన చొక్కా ఒకటి, ఒక్క క్లిప్పుతో, ఒక చెయ్యి కిందికి వేలాడుతూ. తర్వాత అంబులెన్సు, సెన్యోరా మిరెయా జడ కూడా వేసుకోకుండా చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి నోల్ఫా తల ఒళ్ళో పెట్టుకోవడం, ఇల్లంతా మాడు వాసన. చిక్కుళ్ళు మాడాయి. గిన్నె అడుగు ఎన్నాళ్ళు తోమాడో. తోముతుంటే మాత్రం ఎవరో ఆయనకి పని చెప్పినట్టుండేది, తెల్లబడిపోతుందేమోనని మెల్లగా తోమేవాడు. ఇప్పుడు సాయంత్రాలు టీకి రెండు కప్పులు పెడతాడు. రెండోదాంట్లో ముందు పోయడు. తనది తాగేశాక అందులో పోసుకుంటాడు, కప్పు ఊరికే ఉండకూడదని. వాతావరణం గురించి ఏదో అనబోయి తలెత్తుతాడు. ఎదురుగా గోడ. పాలపుంత ఎంత పెద్దదో ఆయన బల్లగుద్ది చెప్పగలడు, ఆ బల్లకి అవతలి వైపు ఎంత దూరమో ఆయన్ని ఎవరైనా అడగాలి.

ఒక్క క్షణం ఆపేద్దామనిపించింది. స్టెంటు ఉన్న గుండె, డాక్టరు వద్దన్నాడని చెప్పొచ్చు, పరువుగా ఉంటుంది. ఛాతీలో నిజంగానే ఏదో పిండుతోంది, గుండో, నీలం కోటో. "ఆగుదామా మాస్టారూ?" అంది జాస్నా. ఒటీలియా దుప్పటి దులిపి, "ఆయన ఆగడు" అంది. ఆయనతో కాదు, జాస్నాతో. "మొక్కుకున్న రోజు నవ్వడం అయ్యాక మళ్ళీ అడిగాను దాన్ని, సరేనే, మరి ఎవరు తీరుస్తారే అని. ఎవరేమిటి, ఆయన వస్తాడు అంది. మీ ఆయనా, దేవుడంటే వేళాకోళం చేసే మీ ఆయనా అన్నాను. తిట్టుకుంటూ వస్తాడు ఒటీ, టోపీ పెట్టుకుని ఎవరికీ కనపడకుండా వస్తాడు, కానీ వస్తాడు, నాకు తెలుసు అంది."

ఆయన చెయ్యి టోపీ మీదకి వెళ్ళింది. తీశాడు. బట్టతల మీద చర్చి గాలి తగిలింది. దీన్ని ఆయనకి ఇన్నాళ్ళూ చెప్పకుండా ఎలా దాచిందీ ఒటీలియా, మంగళవారం సంత కబుర్లన్నీ చెప్పే మనిషి. మంగళవారం సంత. నోల్ఫా, ఆయనా కలిసి వెళ్ళేవాళ్ళు, తిరిగొచ్చేటప్పుడు బంగాళాదుంపల సంచీ ఆవిడ చేతిలో, కొత్తిమీర సంచీ ఆయన చేతిలో. ఆయనకి మొదట్లో నడుమునొప్పి, తర్వాత గుండె, మధ్యలో ఏదీ లేని సంవత్సరాల్లో కూడా కొత్తిమీరే. "నాకివ్వు" అని ఆయన అనేవాడు, అనడం అయితే అనేవాడు. "ఉండనీ, నువ్వు ఆకాశం చూసుకుంటూ పారేస్తావు" అనేది. ఒక్కసారి కూడా ఇవ్వలేదు. ఈ ఒక్కటీ ఇచ్చింది. ఇద్దరిలో ఎవరో ఒకరు మొయ్యక తప్పని బరువొకటి వస్తుందని ఆవిడకి ఆస్పత్రి వరండాలో అర్థమైంది, నేను మొయ్యలేను తల్లీ, ఇది ఆయనకివ్వు, ఆయన మోస్తాడు అని చెప్పేసింది. అది త్యాగం కాదు. ఆవిడ త్యాగం చేసిందని మూడు నెలలుగా కోపంతో ఉడికిపోయాడు. చేతులు పడిపోయి, జీవితంలో మొదటిసారి సంచీ ఆయనకి అందించింది, అంతే. అందుకుంటాడని నమ్మింది. ఆయన్ని, ఎలియోదోరోని, కొత్తిమీర మనిషిని.

చేరుకున్నాడు. ఇంత పెద్ద చర్చిలో ఆ తల్లి బొమ్మ ఇంతే ఉంది, మూరన్నర, బంగారం జరీ గౌను బరువుకి వంగిపోతుందేమో అనిపించేంత. గౌను తీసేస్తే నిజంగానే ఒక పనిపిల్ల. పక్కన జబ్బకి గుర్తుపట్టీ కట్టుకున్న వాలంటీరు, "దండం పెట్టుకుని జరగాలి సార్, వెనక జనం ఉన్నారు, జరగాలి" అంటున్నాడు, ఎవరినీ చూడకుండా. ఆయన నోరు తెరిచాడు. ఒటీలియా పెదాలు కదుపుతోంది, చెప్పండన్నయ్యా, చెప్పండి అని. జాస్నా ఆ పక్కకి తిరిగి నిలబడింది, ఆయన మొహం చూడకుండా.

"బరువుగా ఉంది" అన్నాడు ఆయన. గట్టిగానే వచ్చింది మాట, వాలంటీరు తిరిగి చూశాడు. "చాలా బరువుగా ఉంది తల్లీ. రోజూ బరువుగానే ఉంది. తగ్గుతుందన్నారు, తగ్గలేదు. నాకు చేతకావడం లేదు." ఊపిరి తీసుకున్నాడు. "ఇదంతా దానికి రాలేదు. దాన్ని అక్కడ, ఆ బల్ల దగ్గర కూర్చోపెట్టలేదు నువ్వు. అడిగినట్టే చేశావు." ఇక మిగిలింది ఒక్క మాట. అది గొంతులో అడ్డంగా తిరిగింది, ముల్లులా. దాన్ని మింగడానికి చూశాడు, కక్కడానికి చూశాడు. "దండాలు" అన్నాడు. "దండాలు తల్లీ. నోల్ఫా చెప్పమంది."

ఏమీ జరగలేదు. కాంతి రాలేదు, గంట మోగలేదు, బొమ్మ నవ్వలేదు. బయట రెండు బాతులూ అడుగుతూనే ఉన్నాయి, కాదంటూనే ఉన్నాయి. వెనక ఎవరో దగ్గారు. నోల్ఫా గుమ్మం దాటి లోపలికి వెళ్ళిందో లేదో ఎవరు చెబుతారు, కొలిచే సాధనం లేదు. ఆయనకి మాత్రం ఒళ్ళంతా వదులైపోయి కళ్ళద్దాల కింద నుంచి నీళ్ళు కోటు మీదకి ధారగా కారిపోతున్నాయి, ముక్కు కూడా, రుమాలు ఎక్కడో ఉంది, ఏ జేబులో పెట్టాడో, రుమాళ్ళ సంగతి చూసే మనిషి వేరే. "సార్, జరగాలి" అన్నాడు వాలంటీరు మళ్ళీ, ఈసారి కాస్త మెల్లగా. ఆయన లేవబోయాడు. కుడి మోకాలు రాలేదు. ఎడమదీ రాలేదు. నేలకి చెయ్యి ఆనించి ఇంకోసారి చూశాడు, పళ్ళు బిగించి, ఎవరూ సాయం చెయ్యకముందే లేవాలని, అలవాటు. లాభం లేదు. అక్కడే ఉండి, టోపీ లేని తల పక్కకి తిప్పి, అక్కడున్నవాళ్ళలో ఎవరికని లేకుండా, అందరికీ వినబడేలా అన్నాడు.

"లేవలేకపోతున్నానమ్మా. ఎవరైనా కాస్త పట్టుకోండి."